బండి కింద షాహెదా

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే రోడ్డులో, ఇక ఊరు అయిపోయిందనుకునే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద ఉన్నది హైదర్ పేరు. ఇవాళ మీరు అక్కడికి కారు తీసుకుపోతే మాత్రం, బండి కింది నుంచి పాకుతూ బయటికి వచ్చేది ఒక ఆడమనిషి. పంజాబీ డ్రెస్సు మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా, తలకు బిగించి వెనక ముడేసిన చున్నీ, మోచేతుల దాకా గ్రీసు. ఆమె హైదర్ భార్య షాహెదా. ఇంజను మొరాయిస్తుందంటే పక్క షెడ్డు చూపిస్తుంది. క్లచ్ అంటే ఇంకెవరినో అడగమంటుంది. స్టీరింగు వదులైందంటే మాత్రం చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కూడా పక్కన పెట్టి లేస్తుంది.

ఆమె పుట్టింది గద్వాలలో. తండ్రి మౌలాలికి ఒక జీపు ఉండేది. గద్వాల నుంచి రాయచూరు రోడ్డు మీది ఊళ్ళకు జనాన్ని తిప్పేవాడు. ఇటువైపు వాళ్ళతో తెలుగు, అటువైపు వాళ్ళతో కన్నడం. "బర్రి, బర్రి, కూడ్రి" అని, రండి కూర్చోండి అని పిలుస్తూ ఎక్కించుకునేవాడు. సెలవుల్లో షాహెదా కూడా ముందు సీట్లో తండ్రి పక్కన ఇరుక్కుని కూర్చునేది. రోడ్డు బాణంలా సాగిపోతున్నా తండ్రి చేతులు ఊరుకునేవి కావు. ఎడమకూ కుడికీ, ఎడమకూ కుడికీ, ఊయల ఊపుతున్నట్టు స్టీరింగు తిప్పుతూనే ఉండేవాడు. బండి నడపడమంటే అదే అనుకుంది ఆ పిల్ల. ఇంట్లో అన్నం పళ్ళెం పట్టుకుని డ్రైవరు ఆట ఆడినప్పుడు తనూ అట్లాగే ఊపేది. చూసి తండ్రి పడిపడి నవ్వేవాడు.

ఆమె ఇంటరు చదువుతున్న ఏడు, నందిన్నె దాటాక ఆ జీపు ఉన్నట్టుండి రోడ్డు దిగి కల్వర్టును గుద్దుకుంది. మౌలాలి అక్కడికక్కడే పోయాడు. బాలనాగమ్మ అనే కూలి మనిషి దవాఖానకు చేరేలోపు పోయింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు.

సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట. మౌలాలి తాగి నడిపిండంట. జీవితంలో సీసా ముట్టని మనిషి మీద ఆ మాట ఎవరన్నారో, ఎందుకన్నారో ఎవరికీ తెలియదు. ఒంపుల్లేని రోడ్డు మీద, ఎదురుగా బండి లేకుండా, పట్టపగలు జీపు ఎందుకు దిగుతుంది మరి? జనానికి ఏదో ఒక కారణం కావాలి. షాహెదా తల్లి మంచినీళ్ళ కోసం కూడా గడప దాటడం మానేసింది. బాలనాగమ్మ భర్త వెంకట్రాములు ఒకరోజు ఇంటిముందు నిలబడి ఏడుస్తూ తిట్టిపోయాడు. తలుపు వెనక తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని విన్నారు.

నుజ్జయిన జీపును పోలీస్ స్టేషను ఆవరణలోకి లాక్కొచ్చారు. లాక్కొచ్చిన వాళ్ళలో హైదర్ అనే కుర్ర మెకానిక్కు ఉన్నాడు. ఊరు వనపర్తి, గద్వాల బస్టాండు పక్క షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తాడు విప్పాక ఊరికే ఆ జీపు కిందికి దూరాడు. ముందు చక్రాన్ని స్టీరింగుతో కలిపే కడ్డీ చివర ఒక గిన్నె, ఆ గిన్నెలో ఒక ఇనుప గుండు ఉంటాయి. గిన్నె అరిగి అరిగి కాగితమంత పలచబడింది. గుండు దానిలోంచి జారి బయటికి వచ్చేసింది. ఆ తర్వాత స్టీరింగు ఎటు తిప్పినా చక్రం దాని ఇష్టమొచ్చినట్టు పోతుంది. మౌలాలి చేతుల్లో ఆ క్షణాన ఉన్నది ఉత్త చక్రం.

హైదర్ ఆ సంగతి ఎస్సైకి చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా వెంకట్రాములును వెతికి పట్టుకుని తీసుకొచ్చాడు.

"కిందికి రా అన్నా. నేను చెప్పుడు గాదు, నువ్వే చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

పెళ్ళాం చచ్చిపోయిన మనిషి, ఆమెను చంపిన బండి కింద వెల్లకిలా పడుకుని ఆ గిన్నె అంచును వేలితో తడిమి చూశాడు. ఆ సాయంత్రం మౌలాలి ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"తాగలేదమ్మా మీ ఆయన. బండే ఖరాబైంది. నేను నోటికొచ్చినట్టు అన్న" అని, లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు హైదర్ తల్లి వనపర్తి నుంచి సంబంధం అడగడానికి వచ్చినప్పుడు షాహెదా తల్లి పిల్లవాడి సంపాదన అడగలేదు. వచ్చినామెకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

అట్లా షాహెదా పెబ్బేరు రోడ్డుకు వచ్చింది. పని నేర్చుకుని వచ్చి హైదర్ అప్పటికే అక్కడ సొంత షెడ్డు వేసుకున్నాడు. ముందు షెడ్డు, వెనక ఇల్లు. స్టీరింగు వదులు కనిపెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలిస్తుండాలి. ఇంకొకరు బండి కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద చెయ్యి పెట్టి చూడాలి. షెడ్డులో పని చేసేవాళ్ళు నేర్చుకునేదాకా ఉండి హైదరాబాదు పోయేవాళ్ళు. దాంతో హైదర్ వంటింటి కిటికీ వైపు చూసి కేకేసేవాడు.

"షాహెదా, జర వచ్చి కూర్చో!"

ఆమె పిండి చేతులు కడుక్కుని వచ్చి సీట్లో కూర్చునేది. కింది నుంచి గొంతు వినపడేది: "జర ఎడమకు... జర కుడికి... జర మెల్లగ... ఆఁ, జర ఆపు." ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. షెడ్డులోకి రాగానే ఇద్దరి నోటా తెలుగే వచ్చేది, అది పని భాష అయిపోయింది. ఏళ్ళ తరబడి ఆమె ఆ గొంతు మాట ప్రకారం చక్రం తిప్పింది. భర్త ముఖం కనపడదు, కాళ్ళే కనపడతాయి. ఆ కాళ్ళ కదలికను బట్టి ఆయనకు దొరికిందో లేదో చెప్పగలిగేది.

ఒకనాడు తానే అడిగింది. "ఏజీ, కింద ఏం జేస్తరు? నేనూ చూస్త."

హైదర్ నవ్వలేదు. సంచి పరిచి పడుకోబెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకుని కడ్డీ చివరి కీలు మీద పెట్టాడు. "చూడకు. కండ్లు మూసుకో. కంటికి కనపడనిది చేతికి తెలుస్తది. నేను పోయి స్టీరింగు తిప్పుత. కడ్డీ కదిలి, జర ఆగినంక కింది చక్రం కదిలితే, ఆ నడుమ ఉన్నదే ప్లే. రెండూ ఒక్కపారే కదిలితే ఆ కీలు మంచిదే. సమజైందా?"

ఆయన పోయి తిప్పేసరికి ఆమెకు అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఇంకొకటి కూడా అర్థమైంది. కింద పడుకునే అడిగింది.

"మా అబ్బా చేతులు ఎప్పుడూ ఊపుతుండె. సీదా రోడ్డు మీద గూడ. గప్పటికే వదులైందా?"

హైదర్ సీట్లోంచి దిగివచ్చి బండి పక్కన నేల మీద కూర్చున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు.

"అయ్యుంటది. ఏడాది సంది అయ్యుంటది."

"ఆయనకు తెల్వదా మరి?"

"దినాం జరంత జరంత పెరుగుతది షాహెదా. చెయ్యి దానికే అలవాటు పడుతది. వేరేటోడు ఎక్కి నడిపితే తెలుస్తుండె. ఎవరూ ఎక్కలే."

ఆమె చాలాసేపు బండి కిందనే ఉండిపోయింది. తన చిన్నప్పటి ఆట, తండ్రి నవ్వు గుర్తొచ్చాయి. తండ్రి తాగలేదు, నిజమే. బాలనాగమ్మ మాత్రం తిరిగిరాదు. ఆ రోజు నుంచి ఆమె పిలవకముందే షెడ్డులోకి రావడం మొదలుపెట్టింది.

కూతురు ఆఫియా పుట్టింది, పెరిగింది, నాగర్‌కర్నూల్లో నర్సింగు చదువుకు హాస్టల్లో చేరింది. ఇన్నేళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఎన్ని బండ్లు చూశారో లెక్కలేదు. ఎక్కువగా హైదరే కింద ఉండేవాడు. నడుము నొప్పి చేసినప్పుడు, చలికాలం నేల చల్లగా ఉన్నప్పుడు, ఆయన వద్దంటున్నా ఆమె దూరేది. డ్రైవర్లు ఎవరైనా చూస్తే హైదర్ కాస్త గర్వంగానే, "మా ఇంట్ల మనిషి చెయ్యి నాకంటె పలచగున్నది, సందులల్ల దూరుతది" అనేవాడు.

ఒక ఏడు ఎండాకాలంలో, ఒక పొద్దున నాస్తా చేస్తుండగా హైదర్ చేతిలోంచి రొట్టె ముక్క జారిపడింది. షాహెదా తీసి చేతిలో పెట్టింది. మళ్ళీ పడింది. ఆయన తన కుడిచేతి వైపు ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు. ఏదో చెప్పబోయాడు, మూతి ఒక పక్కకు పోయింది. ఆటోలో వనపర్తి దవాఖానకు, అక్కడి నుంచి అంబులెన్సులో పాలమూరుకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

మాట పూర్తిగా పోలేదు, ఒక్కటి మిగిలింది. దవాఖాన మంచం మీద కళ్ళు తెరిచాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "జర". ఆ తర్వాత అన్నిటికీ అదే. నీళ్ళు కావాలన్నా "జర", దుప్పటి తీసేయమన్నా "జర", కోపం వచ్చినా "జర జర జర" అని మంచం పట్టీ మీద ఎడమచేత్తో బాదేవాడు. తాను చెప్పదలచింది ఒకటి, నోటి నుంచి వస్తున్నది ఇంకొకటి అని ఆయనకు తెలుస్తూనే ఉంది. అదే పెద్ద నరకం. చెప్పలేక చెప్పలేక చివరికి ఏడ్చేవాడు. ఎన్నడూ కంటనీరు పెట్టని మనిషి చిన్నదానికీ పెద్దదానికీ ఏడుస్తుంటే షాహెదా మొదట భయపడింది, తర్వాత ఆయన ముఖం తుడవడం అలవాటు చేసుకుంది.

వానాకాలమంతా షట్టరు మూసే ఉంది. మరిది వచ్చి, పానాలూ జాకీలూ ఎవరికైనా ఇచ్చేసి ముందు భాగం కిరాయికి ఇమ్మన్నాడు. ఆమె సరేనందామనే అనుకుంది. కాని హైదర్ పొద్దున లేవగానే గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ షెడ్డు వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడేవాడు. చీకట్లో, మూసిన షట్టరు వైపు చూస్తూ. రెండు వారాలు చూసి చూసి ఒకనాడు ఆమె షట్టరు ఎత్తింది. కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టింది. తాను ఖాకీ చొక్కా వేసుకుంది.

పాత డ్రైవర్లు వచ్చేవారు. హైదర్‌ను పలకరించేవారు, పండ్లు తెచ్చేవారు. బండ్లు మాత్రం తెచ్చేవారు కాదు. ఒకాయన నొచ్చుకుంటూనే చెప్పాడు, "ఇంకేదైనా అయితే ఇస్తుంటిమి వదినా. స్టీరింగంటే ప్రాణం గద. ఏమనుకోకు." ఆమె ఏమీ అనుకోలేదు. ఆ మాట నిజమని ఆమెకంటే ఎవరికి తెలుసు?

అట్లాంటి రోజుల్లో శ్రీరంగాపూర్ నుంచి రామచంద్రయ్య వచ్చాడు. వేరుశనగ పండించే రైతు. భార్య ఇందిరమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కలేదని పాత తెల్ల కారు ఒకటి కొన్నాడు. ఏళ్ళ నుంచి హైదర్‌కు ఎరుకైన మనిషి.

"బిడ్డా, హైదర్‌కు బాగలేదని తెలిసి వేరే తాన చూపిచ్చిన. ఒకాయన కింద కీళ్ళు మార్చిండు. ఇంకొకాయన మిషన్ మీద చక్రాలు సీదా చేసిండు. రెండు దినాలు మంచిగనే ఉన్నట్టనిపిచ్చింది, మళ్ళ గట్లనే. స్టీరింగు ఇంత తిప్పినా బండి తిరగదు. చెరువు కట్ట మీద ఇందిరమ్మ గుండె చేత పట్టుకొని కూసుంటున్నది. జర చూడు."

షాహెదా బండిని జాకీ మీద ఎత్తకుండా, చక్రాలు నేల మీదే ఆనించి ఉంచింది. బరువు మీద ఉన్నప్పుడే వదులు బయటపడుతుంది. రామచంద్రయ్యను సీట్లో కూర్చోమందామనుకుంది. ఇంతలో వెనక నుంచి "జర" అని వినపడింది. హైదర్ కుర్చీలోంచి లేవాలని చూస్తున్నాడు. ఎడమచేత్తో కారు వైపు చూపిస్తున్నాడు.

రామచంద్రయ్యా, ఆమే ఇద్దరూ పట్టుకుని ఆయనను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. పడిపోయిన కాలును ఆమె చేతులతో ఎత్తి లోపల పెట్టింది. ఆయన ఎడమచెయ్యి చక్రం మీద ఆనింది. ఆమె సంచి పరిచి కిందికి పోయింది.

ఇన్నేళ్ళూ ఎక్కువగా ఆమె పైన, ఆయన కింద. ఇప్పుడు తారుమారైంది. అయినా పైన చక్రం కదలడం మొదలుకాగానే ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. కొద్దిగా, ఒకే కొలతలో, తొందర లేకుండా. ఆమె కళ్ళు మూసుకుని మొదటి కీలు మీద చెయ్యి పెట్టింది. కొత్తది, బిగువుగా ఉంది. అవతలిది కూడా అంతే. లోపలి కీళ్ళు పట్టుకుంది, మంచివే. స్టీరింగు పెట్టెను బండికి బిగించిన చోట వేళ్ళు పెట్టింది, కదలడం లేదు. మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఎక్కడా దొరకలేదు. చెమట కళ్ళలోకి దిగింది. వదులు ఉంది, కాని కింద లేదు. తనకే తెలియడం లేదా? డ్రైవర్లు తనను నమ్మకపోవడమే సరైనదా?

పైన చక్రం ఆగింది. "జర" అన్నాడు హైదర్. "జర, జర" అంటూ ఎడమకాలితో కారు అడుగు రేకు మీద తన్నడం మొదలుపెట్టాడు. ఆమె బయటికి వచ్చి చూసేసరికి ఆయన ముఖం ఎర్రబడి ఉంది. పెడల్‌ల పైన, కాళ్ళ దగ్గరి చీకటిలోకి గడ్డంతో చూపిస్తున్నాడు.

ఆమె సీటు పక్క నుంచి తల కిందికి పెట్టి లోపలికి దూరింది. స్టీరింగు చక్రం నుంచి దిగే కడ్డీ అక్కడ ఒక చిన్న ముడి జాయింటుతో కింది కడ్డీని పట్టుకుంటుంది. ఒక చెయ్యి ముడికి పైన, ఒక చెయ్యి కింద పెట్టి, "తిప్పుండ్రి" అంది. చక్రం కదిలింది. పై చేతిలో కడ్డీ తిరిగింది. కింది చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాత ఎప్పటికో టక్కుమని కదిలింది.

"దొరికింది!" అని అరిచింది ఆమె. "ఏజీ, దొరికింది. పైనున్నది. ముడి అరిగింది."

హైదర్ చక్రం మీద తల వాల్చి ఏడ్చాడు. ఆరు నెలల్లో అది మొదటి సంతోషపు ఏడుపు. రామచంద్రయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, ఏదో పని ఉన్నట్టు రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాడు.

కర్నూలు నుంచి జాయింటు తెప్పించింది. పాతది విప్పే ముందు రెండు కడ్డీల మీదా చాక్‌పీసుతో గీత గీసింది. ఆ గీతలు కలిసేటట్టు బిగించకపోతే బండి సీదాగా పోతున్నా చక్రం వంకరగా నిలబడుతుంది. బోల్టు బిగించాక పానా హైదర్ ఎడమచేతికి ఇచ్చింది. ఆయన ఇంకొక పట్టు పట్టి చూసి తల ఊపాడు. తర్వాత రామచంద్రయ్య నడపగా, పక్కన హైదర్, వెనక తాను, శ్రీరంగాపూర్ దాకా పోయి వచ్చారు. చెరువు కట్ట మీద రామచంద్రయ్య రెండు వేళ్ళతో స్టీరింగు పట్టుకుని చూపించాడు. హైదర్ కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. గాలికి ఆయన జుట్టు ఎగురుతుంటే, వెనక నుంచి చూస్తున్న షాహెదాకు ఆయన బాగైపోతాడేమో అనిపించింది.

బాగుకాలేదు. చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, షెడ్డులోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. ఆమె బండి కింద ఉంది. ఆయన "జర" అనడం విన్నది. మంచినీళ్ళేమో, ఈ నట్టు తీసి వస్తాననుకుంది. వచ్చేసరికి ఊపిరి లేదు.

ఆఫియా నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేవరకు జనాజా ఎత్తకుండా ఆపారు. మగవాళ్ళు మోసుకుపోతుంటే షాహెదా తలుపు దగ్గర నిలబడింది. తన గ్రీసు చేతులు కడుక్కోలేదని అప్పుడు చూసుకుంది. ఎవరో వచ్చి కడిగించారు.

భర్త పోయినామె ఇల్లు దాటకూడని నాలుగు నెలల పది దినాల ఇద్దత్ గడువంతా ఇంట్లోనే ఉంది. ఆ దినాల్లో ఆమెను తినేసింది ఒకే ఒక్క ప్రశ్న. చివరిసారి ఆయన "జర" అన్నాడే, దేనికి అన్నాడు? నీళ్ళకా? భయమేసిందా? దగ్గరికి రమ్మన్నాడా? ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఆమెకు తెలుసు. ఆ రోజుది ఏదో మాత్రం ఎన్నటికీ తెలియదు. ఆఫియా తల్లిని పట్టుకుని, "అమ్మీ, క్షణంల అయిపోయి ఉంటది. నువ్వు పక్కన ఉన్నా ఏం జేయలేకుంటివి" అంది, నర్సు చదువు చదువుతున్న పిల్ల కాబట్టి. షాహెదా తల ఊపింది. కాని ఆమె అడుగుతున్నది అది కాదు.

గడువు తీరాక షట్టరు ఎత్తింది. కూర్చుంది. బండ్లు వచ్చాయి, రామచంద్రయ్య నలుగురికీ చెప్పాడు కాబట్టి. ఆమె మాత్రం రేపు రమ్మనేది, ఎల్లుండి రమ్మనేది. కిందికి దూరడానికి ఒళ్ళు ఒప్పలేదు. కింద పడుకుంటే పై నుంచి ఆ గొంతు వినపడుతుందని ఒక భయం. వినపడదని ఇంకొక భయం.

ఒకరోజు తిమ్మాజిపేట నుంచి ఒక డ్రైవరు కారు తెచ్చి, రేపటిదాకా ఆగలేనని, ఇక్కడే పెట్టి పోతున్నానని తాళం చెవి ఇచ్చి బజారుకు పోయాడు. అదే సమయంలో రామచంద్రయ్య ఇందిరమ్మను షెడ్డు దగ్గర దింపి, విత్తనాల దుకాణానికి వెళ్ళాడు. ఇందిరమ్మ ఒక సంచిలో పచ్చి వేరుశనక్కాయలు తెచ్చింది. కూర్చుంది. కాసేపు కారు వైపు చూసింది.

"గీ బండికి ఏమైందంట?"

"స్టీరింగే అక్కా."

"చూడలేదా మరి?"

"సీట్ల కూసొని తిప్పెటోళ్ళు లేరు."

ఇందిరమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. "నేను కూసుంట. ఎంత తిప్పాలెనో చెప్పు."

"నీకేడ చాతనైతది అక్కా!"

"చెప్పు బిడ్డా, తిప్పుత. గిర్ర తిప్పుడే గద."

జీవితంలో డ్రైవరు సీట్లో కూర్చోని మనిషి చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కింది. రెండు చేతులతో చక్రాన్ని తిరగలి పట్టుకున్నట్టు పట్టుకుంది. షాహెదా సంచి పరిచి కిందికి పోయింది. కొంచెం ఎడమకు, కొంచెం కుడికి అని చెప్పింది. ఇందిరమ్మ మొదట గట్టిగా గుంజింది. చెప్పగా చెప్పగా నెమ్మదించింది. చక్రం అటు ఇటు కదలసాగింది. షాహెదా చెయ్యి కీలు మీద పెట్టింది, కళ్ళు మూసుకుంది.

పై నుంచి వచ్చే ఆ కదలిక హైదర్‌ది కాదు. ఎంత వెతికినా కాదు. అది చేతికి తెలిసిన క్షణాన, దవాఖానలోనూ కబరస్తాన్‌కు తీసుకుపోయిననాడూ ఇద్దత్‌లోనూ రాని ఏడుపు ఆమెకు ఒక్కసారిగా వచ్చింది. నోటిలో చున్నీ కుక్కుకుంది. అయినా ఆగలేదు.

పైన చక్రం ఒక్క క్షణం ఆగింది.

"ఏడుస్తున్నవా బిడ్డా?"

"లేదక్కా. చూస్తున్న."

"ఏడువు. నేను తిప్పుతనే ఉంట."

చక్రం మళ్ళీ కదిలింది. ఎడమకు, కుడికి. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. షాహెదా కడ్డీ పట్టుకుని తనివితీరా ఏడ్చింది. ఏడుపు తగ్గాక ముఖం చొక్కాకు తుడుచుకుని, చెయ్యి కొంచెం పక్కకు జరిపింది. ఎడమవైపు లోపలి కీలులో, రబ్బరు తొడుగు కింద, కడ్డీ కదిలి, ఆగి, ఆ తర్వాతగానీ కింది చక్రం కదలడం లేదు.

"ఆపక్కా, చాలు" అంది.

డ్రైవరు బజారు నుంచి తిరిగి వచ్చేసరికి ఇద్దరాడవాళ్ళు నేల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. షాహెదా లేచి, అరిగిన కీలు ఎక్కడుందో చూపించి, మార్చకుండా బండి కదిలించవద్దని చెప్పింది. అతను, రేపు పెళ్ళివాళ్ళను తీసుకుపోవాలి, మెల్లగా నడుపుకుంటానన్నాడు. ఆమె తాళం చెవి ఇవ్వలేదు. అతను గొణుక్కుంటూ బస్సెక్కాడు. మరునాడు కీలు మార్చి పంపింది.

ఇప్పుడు కూడా ఆమె ఆ షెడ్డులోనే ఉంది. ఆఫియా చదువు అయిపోవచ్చింది. ఉద్యోగం వచ్చాక తన దగ్గరికి వచ్చి ఉండమంటోంది. చూద్దాంలే అంటుంది తల్లి. సీట్లో ఎవరు వస్తే వాళ్ళను కూర్చోబెట్టుకుంటుంది, డ్రైవరో, చాయ్ తెచ్చినవాళ్ళో, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళో. అందరికీ ఓపికగా చెబుతుంది, ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో. కొందరు బాగానే తిప్పుతారు.